నూట నలభై ఒకటి తక్కువ

మోప్కా, బిలాస్‌పూర్
18 జూలై 2024

జ్యోతీ,

నువ్వు పంపిన లాప్‌టాప్ క్షేమంగా చేరింది. తెచ్చిన మనిషి మాత్రం వానలో తడిసి, మా వీధి బురదని తిట్టుకుంటూ వెళ్ళాడు. మీ పెద్దమ్మకి మోకాళ్ళు, నాకు చెవులు. మిగతాదంతా క్షేమం.

ఫోన్ ఉండగా ఉత్తరం దేనికంటావు. ఫోన్‌లో సగం వినపడదు, వినపడిన సగం మర్నాటికి గుర్తుండదు. కాయితం మీదున్నది ఉంటుంది. వాట్సాప్ మాట ఎత్తకు. రైల్వేలో బళ్ళు నడిపి రిటైరైన రన్నింగ్ స్టాఫ్ గ్రూపుకి ఇప్పుడు తిరుమలరావు పెద్ద. పొద్దున్నే ఒక గులాబీ పువ్వు, దాని కింద ఏ మహానుభావుడూ అనని ఒక సూక్తి. ముప్ఫై రెండేళ్ళ కిందట నన్ను ముంచినవాడు రోజూ నాకు శుభోదయం చెబుతుంటే భరించడానికి నేను రుషిని కాను. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

అసలు సంగతి. నాకు ఎస్‌క్యూఎల్ నేర్పాలి. మొన్న వేసవిలో వచ్చినప్పుడు అన్నావు: "పెదనాన్నా, పది లక్షల వరసల్లోంచి నాకు కావలసిన నాలుగూ ఒక్క వాక్యంతో పైకి లాగుతాను." ఆ మాట అప్పట్నించి చెవిలో జోరీగలా తిరుగుతోంది. నువ్వు మీ కరెంటు కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పుతావు కదా, నాకూ నేర్పు. బుధవారీ బజార్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి అడిగాను. కౌంటర్లో అమ్మాయి "పోతే కే లియే, అంకిల్‌జీ?" అంది. మనవడి కోసం కాదు, నా కోసమే అన్నాను. జాలిగా మంచినీళ్ళు ఇచ్చింది.

నా దగ్గర ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో బొగ్గు లైన్ కాల్ బుక్కు కార్బన్ కాపీలు ఉన్నాయి. 1991 అక్టోబర్ నించి 1992 మార్చి దాకా, ఆరు నెలలవి. నేను క్రూ బుకింగ్ గుమస్తాగా ఉండగా ఏ బండికి ఏ డ్రైవర్‌ని పిలిచానో అన్నీ నా చేతిరాతే. పేర్లుండవు. తారీఖు, డ్రైవర్ టోకెన్ నంబరు, రిమార్కు. రిమార్కు గడిలో కొన్నిచోట్ల R అని ఉంటుంది. మొత్తం వెయ్యిన్నీ నలభై ఆరు వరసలు. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఎందుకని అడక్కు, తరవాత చెబుతాను. డిసెంబర్ పదిహేను లోపల నాకు వచ్చెయ్యాలి. డెబ్భై తొమ్మిదేళ్ళవాడికి నిదానంగా నేర్చుకునే వ్యవధి ఉండదు.

తొందరలో,
పెదనాన్న
సూర్యం


నాగ్‌పూర్
29 జూలై 2024

పెదనాన్నగారికి నమస్కారం.

ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోడానికి, రెండోసారి నవ్వుకోడానికి. తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో, తప్పులుంటే మీరే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపండి. చిన్నప్పుడలాగే చేసేవారు కదా.

అచ్ఛా, పాఠం ఒకటి. మీ బుక్కులో ఒక పేజీ ఊహించుకోండి. నిలువు గీతలు, అడ్డం గీతలు. అదే టేబుల్, పట్టిక. ఒక్కో కాల్ ఒక్కో వరస. దానికి calls అని పేరు పెడదాం. ఇక ఎస్‌క్యూఎల్ అంటే పట్టికని ప్రశ్న అడగడం, అంతే. ఏ గళ్ళు కావాలో SELECT తరవాత, ఏ పట్టికలోంచో FROM తరవాత, ఏ షరతు మీదో WHERE తరవాత రాయాలి:

SELECT call_date, token FROM calls WHERE remark = 'R';

రిమార్కు R అని ఉన్న వరసల్లో తారీఖూ టోకెనూ చూపించు అని అర్థం. చివర ఆ చుక్క-కామా మర్చిపోకండి, అది లేకపోతే మీ మాట ఇంకా పూర్తవలేదనుకుని మెషీన్ ఎదురు చూస్తూ కూర్చుంటుంది.

నిజానికి మీకు నేను నేర్పేదేముంది? ఇంతమంది డ్రైవర్లలో ఎవరికి రెస్ట్ పూర్తయింది, ఎవరు దగ్గర్లో ఉన్నారు, ఎవర్ని పిలవాలి అని మీరు రోజంతా మనసులో చేసింది ఇదే.

ఎందుకని అడగొద్దన్నారు గానీ నేను కనిపెట్టేశాను. ఇంజన్ షెడ్ చరిత్ర రాస్తున్నారు, అవునా? అందులో నాన్న పేరు కూడా వస్తుందా? నాన్న డ్రైవర్ బిళ్ళ, ఆ ఇత్తడి టోకెన్, ఇప్పటికీ నా స్కూటీ తాళానికే వేలాడుతోంది. నాన్నతో పోట్లాట తీరకుండానే నాన్న పోయారు గానీ ఆ బిళ్ళ పారెయ్యబుద్ధి కాదు. "మీ నాన్నకి ఇంటికంటే లైన్ మీదే ఇష్టం" అని అమ్మ ఎప్పుడూ అనేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా లైన్ మీదే ఉన్నారు. మీకు తెలుసుగా.

అమ్మ ఇక్కడ బాగానే ఉంది. పెద్దమ్మని మోకాళ్ళకి వేడి కాపడం పెట్టుకోమనండి.

మీ
జ్యోతిర్మయి


మోప్కా
14 ఆగస్టు 2024

జ్యోతీ,

నీ ఉత్తరంలో పదకొండు తప్పులు. దిద్ది జతపరిచాను.

నాలుగు వందల పది వరసలు కొట్టాను, నాలుగు వందల పదీ నాశనం చేశాను. ఎలాగంటావా? ఒక వరసలో తారీఖు తప్పు పడింది. దిద్దాలంటే UPDATE అని ఇంటర్నెట్లో చూశాను. నువ్వు చెప్పేదాకా ఆగడానికి స్పీడ్‌పోస్ట్ పేరులో ఉన్న స్పీడు చాలదు. నవంబర్ 14 అని పెట్టమన్నాను. ఏ వరసకో చెప్పడం, ఆ WHERE పెట్టడం, మర్చిపోయాను. కళ్ళు మూసి తెరిచేలోగా నాలుగు వందల పది కాల్సూ నవంబర్ 14నే జరిగాయి. షరతు లేని అధికారం ఎలా ఉంటుందో పుస్తకాల్లో బోలెడు చదివాను గానీ నా చేత్తో నేనే చేసి చూడడం ఇదే మొదలు.

మీ పెద్దమ్మ వచ్చి చూసి, "ఏటండీ, ఆ డబ్బా ముందు అలా కూకుండిపోనారు? ఏటైపోయింది?" అంది. చెప్పాను. "అయితే మళ్ళీ కొట్టండి. మీకు మాత్రం ఏటి పనుంది?" అని వెళ్ళిపోయింది. యాభై నాలుగేళ్ళ కాపరంలో నీలవేణి నాకిచ్చిన ఓదార్పులన్నీ ఈ బాపతే.

షెడ్ చరిత్ర కాదు. చరిత్ర రాయించుకునేవాళ్ళు వేరే ఉన్నారు. ఇది నా కేసు. నీకు అప్పుడు ఏడేళ్ళు, ఎవరూ నీకు సరిగా చెప్పి ఉండరు. నేను తెలుగువాళ్ళని ఒళ్ళు హూనమయ్యే బొగ్గు లైన్‌కి పంపకుండా కాపాడుకుంటున్నానని, కోర్బా వైపు బొగ్గుబళ్ళన్నిటికీ ఇతరుల్నే తోలుతున్నానని నలుగురు కలిసి ఫిర్యాదు పెట్టారు. ముగ్గురు పరాయివాళ్ళు. నాలుగోవాడు తిరుమలరావు. మన పలాస వాడు, మన క్వార్టర్లో భోజనం చేసినవాడు, మీ నాన్న ఇంజన్ మీద అసిస్టెంటు! పైగా ఎంక్వయిరీలో నిలబడి నా మీద సాక్ష్యం చెప్పాడు. ఏం చెప్పాడో నేను చదవలేదు. కాపీ ఇస్తామంటే అక్కర్లేదన్నాను. నన్ను ఒక చిన్న స్టేషన్‌కి విసిరేశారు, ఆరేళ్ళు. గుమస్తాగానే రిటైరయ్యాను.

డిసెంబర్ 15, ఆదివారం, పాత రన్నింగ్ స్టాఫ్ అంతా కలుస్తున్నారు. ఆ రోజు మైకు ముందు నిలబడి, తెలుగువాళ్ళకి ఎన్ని బొగ్గు కాల్స్, ఇతరులకి ఎన్ని అని చదువుతాను. తిరుమలరావు ముందు వరసలో కూర్చుని వినాలి. వాడికి డెబ్భై నాలుగు. నా సంగతి నీకు తెలుసు. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా ఈ లెక్క తేలదు.

కాబట్టి తరవాతి పాఠం పంపు. లెక్కపెట్టడం నేర్పు.

పెదనాన్న


నాగ్‌పూర్
26 ఆగస్టు 2024

పెదనాన్నగారికి,

దిద్దిన ఉత్తరం అందింది. పదకొండులో రెండు తప్పులు కావు, టైపింగ్ అలవాటు చెడగొట్టిన రాత అంతే.

UPDATE సంగతికి మా ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళంతా ఒక్కసారైనా ఆ పని చేసినవాళ్ళే. ఇక నించి ముందు SELECT తో చూడండి, తరవాతే దిద్దండి. రోజూ ఫైలు కాపీ ఇంకోచోట దాచండి.

లెక్కపెట్టడానికి COUNT. కుప్పలు పొయ్యడానికి GROUP BY. రిమార్కు ప్రకారం కుప్పలు పోసి ఒక్కో కుప్పలో ఎన్ని ఉన్నాయో చూడాలంటే:

SELECT remark, COUNT(*) FROM calls GROUP BY remark;

పెదనాన్నా, ఒక మాట. నాన్న ఎప్పుడూ తిరుమలరావు మావయ్య గురించి చెడ్డగా అనలేదు. అమ్మ కూడా. మైకు ముందు నిలబడే ముందు ఆయన ఎంక్వయిరీలో ఏం చెప్పారో ఒకసారి తెలుసుకుంటే బాగుంటుందేమో. ఊరికే అంటున్నాను.

మీ
జ్యోతి


మోప్కా
20 అక్టోబర్ 2024

చిరంజీవి జ్యోతిర్మయికి,

రెండు నెలలు జవాబు రాయలేదు. కారణం నీకు తెలుసు. ఊరికే అన్నావు. నన్ను ముంచినవాళ్ళంతా ఊరికే అన్నవాళ్ళే. నా తమ్ముడి కూతురు కూడా 'ఒకసారి తెలుసుకుంటే' అంటుంటే, నేను ట్రంకు పెట్టె మూసేసి అర్పా నది ఒడ్డుకి పోయి కూర్చోవలసింది. కానీ అర్పాలో కూర్చోదగ్గ నీళ్ళు కూడా లేవు, అందుకని టైపు చేస్తూ కూర్చున్నాను.

పూర్తయింది. వెయ్యిన్నీ నలభై ఆరు. రోజుకి పదిహేను ఇరవై చొప్పున. వేలి కొసలు మొద్దుబారాయి. COUNT కొట్టాను, సరిగ్గా 1046 అని వచ్చింది. మెషీన్ నన్ను నమ్మింది, అది చాలు.

రిమార్కుల సంగతి నాకు అక్కర్లేదు. ఆ R లు ఏవో కొన్ని ఉన్నాయి, రెస్ట్ అడిగినా బండికి మనిషి లేక పిలవాల్సి వచ్చిన కేసులు. అవి కాదు మన విషయం.

ఇప్పుడు చిక్కు ఇది. బుక్కులో టోకెన్ నంబర్లే గాని, తెలుగువాడో ఇతరుడో లేదు. డ్రైవర్ల జాబితా వేరే ఉంది. ఎంక్వయిరీకి నేను సమర్పించిన జవాబు వెనక జతపరిచిందే. పదిహేనుమంది, తెలుగువాళ్ళు అయిదుగురు, ఇతరులు పదిమంది. దాన్ని crew అని ఇంకో పట్టిక చేశాను. టోకెన్, పేరు, ఎక్కడివాడు. ఈ రెంటినీ ఎలా అతకాలి?

అనవసరమైన సలహాలు లేకుండా రాయగలవు.

సూర్యం


నాగ్‌పూర్
29 అక్టోబర్ 2024

పెదనాన్నగారికి,

కోపంలో కూడా 'చిరంజీవి' అన్నారు, అది చాలు నాకు. మీ వైపు ఉండడమంటే మీరు ఇబ్బంది పడకుండా చూసుకోవడమే అనుకున్నాను. మీరింకోలా అనుకున్నారు. క్షమించండి.

రెండు పట్టికలనీ అతికేది JOIN. రెంటిలోనూ ఉమ్మడిగా ఉన్న గడి ఏదో చెప్పాలి. మీకు టోకెన్:

SELECT crew.origin, COUNT(*) FROM calls JOIN crew ON calls.token = crew.token GROUP BY crew.origin;

ఒక్కో కాల్‌నీ తీసుకుని, ఆ టోకెన్ మనిషిని జాబితాలో వెతికి, దొరికితే పక్కన పెట్టి, ఎక్కడివాడో చూసి కుప్ప పోస్తుంది. వచ్చిన లెక్కలన్నీ కూడి 1046 కి కలుస్తోందో లేదో చూసుకోండి. ఇది సలహా కాదు, పాఠంలో భాగం.

ఫైలు కూడా నాకు మెయిల్ చెయ్యండి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఇక్కడ చూసి చెబుతాను.

మీ
జ్యోతి


మోప్కా
11 నవంబర్ 2024

జ్యోతీ! నా బంగారూ!

వచ్చింది. తెలుగువాళ్ళు: 305. ఇతరులు: 600. అయిదుతో భాగిస్తే అరవై ఒకటి, పదితో భాగిస్తే అరవై. చూశావా? తెలుగువాడికే ఒకటి ఎక్కువ! ముప్ఫై రెండేళ్ళు మోసిన నింద, రెండు వరసల జవాబు. మీ పెద్దమ్మని పిలిచి చూపించాను. "అరవై ఒకటీ అరవై. అయితే ఏటి?" అంది. అయితే ఏటి! ఆరేళ్ళు నేను ఆ స్టేషన్లో గోడలతో మాట్లాడింది ఈ ఒక్క అంకె రుజువు చేసేవాడు లేకే కదా!

ఉపన్యాసం నాలుగు పేజీలు రాశాను. మొదటి పేజీలో సత్యం గురించి నేను చదివినవన్నీ ఉన్నాయి. మూడో పేజీలో తిరుమలరావు ఉన్నాడు. నిన్న కూరలకి వెళ్ళి వస్తుంటే లింగియాడీహ్ మలుపులో ఎదురుపడ్డాడు. చేతికర్ర పట్టుకున్నాడు. "బాగున్నారా సూర్యం గారూ, మీటింగుకి వస్తారు కదా?" అన్నాడు. "తప్పకుండా వస్తాను, ముందు వరసలో కూచో" అన్నాను. ఏం తెలియనట్టు నవ్వాడు.

ఫైలు మెయిల్ చేశాను. నీ కళ్ళతో నువ్వూ చూసుకో. పదిహేనో తారీఖుకి నువ్వూ, మీ అమ్మా రావాలి.

పెదనాన్న

12 నవంబర్, పొద్దున్న. నిన్న పోస్టాఫీసు మూసేశారు, అందుకని కవరు విప్పి రాస్తున్నాను. నీ పాఠంలో భాగమన్నావని కూడి చూశాను. 305, 600. తొమ్మిది వందల అయిదు. నూట నలభై ఒకటి తక్కువ! ఏం చేసింది నీ JOIN వాటిని? నేను ముప్ఫై ఏడేళ్ళు గుమస్తాగిరీ చేశాను, టోటల్ కలవని కాయితం మీద సంతకం పెట్టలేదు. ఇలా నోరెత్తకుండా వరసలు మింగేసే మెషీన్‌ని నమ్మి మైకు ముందుకి ఎలా వెళ్ళను? వెంటనే రాయి. తంతి ఉంటే తంతి ఇచ్చేవాణ్ణి.


నాగ్‌పూర్
21 నవంబర్ 2024

పెదనాన్నగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

JOIN ఏ వరసనీ మింగలేదు. కాల్ బుక్కులో ఉండి, డ్రైవర్ల జాబితాలో పేరు లేని టోకెన్ ఉంటే ఆ వరసల్ని అది పక్కన పడేస్తుంది, చెప్పకుండానే. అలా జత దొరకనివాటిని కూడా ఉంచాలంటే LEFT JOIN అనాలి. జత దొరకనిచోట ఖాళీ ఉంటుంది. ఖాళీని IS NULL అని అడగాలి. మీరు పంపిన ఫైలు మీద నేనే అడిగాను:

SELECT calls.token, COUNT(*) FROM calls LEFT JOIN crew ON calls.token = crew.token WHERE crew.token IS NULL GROUP BY calls.token;

ఒక్క వరసే వచ్చింది. 37, పక్కన 141.

నూట నలభై ఒకటీ ఒక్క మనిషివే. మీ జాబితాలో లేని పదహారో డ్రైవర్. ఎవరా అనుకుంటూ ఆఫీసు నించి బయటికి వచ్చాను. స్కూటీ తాళం తిప్పబోతుంటే బిళ్ళ కనిపించింది. రోజూ చూసే బిళ్ళే. అంకె ఎప్పుడూ చదవలేదు.

మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాను. మిగతావాళ్ళకి ఆరు నెలల్లో అరవై బొగ్గు కాల్స్. నాన్నకి నూట నలభై ఒకటి. మొత్తం బుక్కులో R రిమార్కులు ఇరవై ఏడు. అందులో ఇరవై మూడు నాన్నవి. తరవాత, నేను జ్వరంతో ఆస్పత్రిలో ఉన్న రోజులు పెట్టి అడిగాను. ఫిబ్రవరి మూడు నించి ఇరవై ఒకటి దాకా పంతొమ్మిది రోజులు. పదహారు కాల్స్. పదకొండు R లు.

అమ్మకి చెప్పాను. అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. "నాకు తెల్సు" అంది. మరి నాన్నకి లైన్ మీదే ఇష్టమని ఎందుకు చెప్పావు ఇన్నేళ్ళూ అని అరిచాను. "మీ నాన్నే అలా సెప్పమన్నాడు. పిల్ల నా మీద కోప్పడినా పర్లేదు, అన్నయ్య మీద మాట రాకూడదన్నాడు" అంది.

మీరు వద్దన్న పని కూడా చేశాను. తిరుమలరావు మావయ్యకి ఫోన్ చేశాను. ఆయనన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, తప్పులు దిద్దకండి:

"ఏటమ్మా, ఇన్నాళ్ళకి అడిగావు? మీ నాన్న ఇంజను మీద నిలబడే నిద్రపోయీవోడమ్మా. సిగ్నలు నాను సూసి సెప్పీవోణ్ణి. ఏ దినాన్నో బండిని గుద్దించెత్తాడని బయమేసి, ఎల్లి మీ పెదనాన్నకి సెప్పాను, ఆడికి రెస్టియ్యండి బాబూ అని. 'మా అన్నదమ్ముల మద్దెన నువ్వెవడివి' అన్నారు. ఇంక ఏటి సెయ్యను? ఆ ముగ్గురూ కాయితం తెత్తే సంతకం ఎట్టీసేను. అందులో ఏటి రాసేరో సదవలేదు, అది నా తప్పే. ఎంక్వయిరీలో మాత్తరం ఒకటే సెప్పాను, ముప్పై ఏడుకి రెస్టు ఇప్పించండి అని. అచ్ఛా, ఇప్పుడెందుకమ్మా ఇయన్నీ?"

పెదనాన్నా, టైపు చేసింది మీరే. నూట నలభై ఒక్కసార్లు ముప్ఫై ఏడు అని మీ వేళ్ళతోనే కొట్టారు. మీకు తెలియలేదా? ఆ జాబితాలో నాన్న పేరు ఎందుకు లేదు? ఆ పదకొండుసార్లూ నాన్న ఏమన్నారు? బుక్కులో ఒక్క అక్షరమే ఉంది.

పదిహేనో తారీఖుకి మేం రాలేం.

జ్యోతిర్మయి


మోప్కా
17 డిసెంబర్ 2024

జ్యోతీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. పొరుగువాళ్ళు నాకు షుగరు వచ్చిందనుకుంటున్నారు. నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను.

టైపు చేస్తున్నప్పుడు ముప్ఫై ఏడుని చూశాను. చూడలేదని అబద్ధం ఆడను. చూసి, తరవాతి వరసకి వెళ్ళాను. నూట నలభై ఒక్కసార్లు అలా వెళ్ళాను.

జాబితాలో పేరు కొట్టేసింది నేనే, 1992లో. బంధువుని చూపిస్తే లెక్క నమ్మరని అందరికీ చెప్పాను. కొన్నాళ్ళకి నాకూ అదే నిజమనిపించింది. నిజం ఇది: తమ్ముడి అంకె చూపిస్తే పక్షపాతం కేసు ఆ పూటే కొట్టుకుపోయేది. దాని స్థానంలో రెస్ట్ ఇవ్వకుండా డ్రైవర్‌ని నడిపిన కేసు వచ్చేది. అది ట్రాన్స్‌ఫర్‌తో పోయేది కాదు. అందుకని చిన్న నింద ఎంచుకుని, దాన్ని ముప్ఫై రెండేళ్ళు అన్యాయమని చెప్పుకుని బతికాను. ఎంక్వయిరీ సాక్ష్యం కాపీ ఎందుకు వద్దన్నానో నీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

వాణ్ణే ఎందుకు పిలిచేవాణ్ణి? నేను బుకింగ్ కిటికీలో కూర్చున్న మొదటి రోజే ఎవడో మీ నాన్న గురించి అన్నాడు, "ఇంకేం, బంగార్రాజు ఇంటిపట్టునే ఉంటాడు" అని. అంతా నవ్వారు. ఆ నవ్వు తప్పని చూపించాలనుకున్నాను. బొగ్గుబండికి మనిషి తక్కువైతే మొదట వాడి క్వార్టర్‌కే కాల్ బుక్కు పంపేవాణ్ణి. మిగతావాళ్ళు పోట్లాడతారు, యూనియన్‌కి వెళతారు. అన్న పిలిస్తే వాడు రాకపోడు. నా నిజాయితీకి వాడి ఒళ్ళు ఖర్చుపెట్టాను.

మీటింగుకి వెళ్ళాను. తిరుమలరావు ముందు వరసలోనే కూర్చున్నాడు. నేను చెప్పానని కాబోలు. జేబులో నాలుగు పేజీలున్నాయి. తియ్యలేదు. తెలుగువాళ్ళకి అరవై ఒకటి, ఇతరులకి అరవై అని చదివాను. చప్పట్లు కొట్టారు. పదిమంది లేచి నిలబడ్డారు కూడా. ఆ చప్పట్ల కోసం నేను ఎంత ఎదురు చూశానో నీకు తెలుసు. అక్కడితో దిగిపోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. ఆగమని చెయ్యి ఎత్తాను. "ఈ జాబితాలో ఒకడు లేడు. టోకెన్ ముప్ఫై ఏడు, నా తమ్ముడు బంగార్రాజు. నూట నలభై ఒకటి. ఇరవై మూడుసార్లు రెస్ట్ అడిగాడు. ఒక్కసారీ ఇవ్వలేదు. ఇవ్వమని చెప్పినవాడు అదుగో, ముందు వరసలో ఉన్నాడు" అన్నాను.

సమోసాలు పంచుతున్న మనిషి పళ్ళెం పట్టుకుని అలాగే ఆగిపోయాడు. తిరుమలరావు కర్ర పొడుచుకుంటూ లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "రండి సూర్యం గారూ, కూకోండి. నీళ్ళు తాగండి" అన్నాడు. తాగాను. క్షమించమని నేను అడగలేదు, వాడూ నన్ను అడగలేదు. పొద్దున్న పంపే గులాబీల విషయంలో నా అభిప్రాయం మారలేదు. గ్రూపులో మళ్ళీ చేర్చమని మాత్రం చెప్పాను.

ఇంటికి వచ్చి crew పట్టికలో ఒక వరస చేర్చాను. INSERT ఎలాగో నువ్వు నేర్పలేదు, నేనే వెతుక్కున్నాను. ముప్ఫై ఏడు, బంగార్రాజు, తెలుగు. మళ్ళీ నీ మొదటి JOIN కొట్టాను. 587, 600 అని వచ్చాయి. కూడితే పదకొండు వందల ఎనభై ఏడు! ఈసారి ఎక్కువ. కంగారులో అదే వరసని రెండుసార్లు చేర్చాను. వాడి ప్రతి కాల్‌కీ ఇద్దరు బంగార్రాజులు దొరికి, రెండేసి లెక్క వేసింది. నా తప్పు నేనే కనుక్కుని, ఒకదాన్ని తీసేశాను. అలా కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు, కాస్సేపు పట్టింది. ఇప్పుడు 446, 600. టోటల్ కలిసింది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. పదకొండుసార్లూ ఏమన్నాడో నాకు గుర్తు లేదు. ఒక్కటి గుర్తుంది, ఫిబ్రవరి పదకొండుది. కాల్ బుక్కు క్వార్టర్‌కి పంపితే, అక్కడ లేడని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మామూలుగా బుక్కు అందినచోటే సంతకం పెట్టి పంపేవాడు. ఆ రోజు బుక్కు పట్టుకుని తనే ఆస్పత్రి నించి కిటికీ దగ్గరికి వచ్చాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, పాపకి జొరం దిగనేదు. నన్ను సూసి 'నాన్నా, ఎల్లకు' అంటంది. ఈ ఒక్క ట్రిప్పుకి ఇంకెవుల్నైనా పిలు. రేపటి నించి నువ్వు ఎక్కడికంటే అక్కడికెల్తాను" అన్నాడు.

వెనక ఇద్దరు డ్రైవర్లు నిలబడి వింటున్నారు. నేను తల ఎత్తలేదు. రిమార్కు గడిలో R అని రాసి, బుక్కు కిటికీలోంచి బయటికి తోశాను.

వాడు సంతకం పెట్టాడు.

పెదనాన్న
సూర్యం